పిరికివాళ్ళ చేతిలో తాడు

కొండ కింది అద్దె గది,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మకు, అన్నయ్యకు, వదినకు,

క్షేమంగా చేరాను. విమానంలో చెవులు దిబ్బళ్ళు వేశాయి తప్ప మరే ఇబ్బందీ లేదు. సంస్థవాళ్ళు ఇచ్చిన గది చిన్నదే గానీ శుభ్రంగా ఉంది. ఒక మంచం, ఒక బల్ల, ఒక కిటికీ. కిటికీ తెరిస్తే ఎదురుగా కొండ. ఇల్లుగలావిడ భర్త పోయిన మనిషి. నోటి మాట తక్కువ, పెట్టే చెయ్యి పెద్దది. వద్దంటున్నా కంచంలో ఇంకో రొట్టె పడుతుంది.

అన్నయ్యా, నువ్వు అడిగింది ముందు చెబుతాను. ఇక్కడి నీటి సొరంగం అచ్చం మన గట్టు కింద ఉన్నదాని లాంటిదే. కొండ లోపల ఊట ఉన్నచోటు నుంచి ఊరి అంచుదాకా, మనిషి వంగి నడిచేంత ఎత్తున తవ్విన దారి. పంపు లేదు, కరెంటు లేదు. వాలు మీద నీళ్ళు వాటంతట అవే నడిచి వస్తాయి. గాలి ఆడటానికీ మట్టి తోడిపోయడానికీ పైనుంచి అక్కడక్కడ గుంటలు దించారు. మనదాని లాగే ఇదీ పూడిపోయి చాలాకాలం పడి ఉంది. ఇప్పుడు ఊరంతా కలిసి, మన సంస్థ లాంటిదే ఇంకో సంస్థ సాయంతో, మళ్ళీ తెరుస్తున్నారు. సగం పని అయింది. నేను చూసి నేర్చుకోవలసింది ఆ మిగతా సగాన్నే.

మన పేటలో ట్యాంకరు దగ్గర బిందెలతో కొట్టుకునే రోజులు పోతాయని నాకు నమ్మకం కుదిరింది. నిన్న గుంటలోకి దిగి కూడా చూశాను. మెట్లు దిగినంత తేలిక. భయపడటానికి ఏమీ లేదు.

మీ చిన్నది

*

లోపల మడిచిన కాగితం, వదినకు మాత్రమే

వదినా, గది తలుపు వేసుకుని చదువు. చదివాక పొయ్యిలో పెట్టు.

మెట్లు దిగినంత తేలిక అని రాశాను కదూ? పచ్చి అబద్ధం. అమ్మ వింటుందని రాశాను. గిలక మీది మోకుకు చిన్న పీట కట్టి, దాని మీద కూర్చోబెట్టి, నూతిలోకి చేద వదిలినట్టు వదిలారు. ఏడు నిలువుల లోతు. దిగుతున్నకొద్దీ ఆకాశం పళ్ళెమంత అయింది, తర్వాత గాజంత, తర్వాత చొక్కా గుండీ అంత. కాళ్ళకు చన్నీళ్ళు తగిలాయి. దీపం ఇచ్చి ముందుకు పొమ్మన్నారు. పైకప్పు వీపుకు రాసుకుంటోంది. ఎక్కడో మట్టి రాలుతోంది, ఎలుక కొరికినట్టు, ఆగి ఆగి. కాస్త దూరం వెళ్ళానో లేదో ఊపిరి అందలేదు. వెనక్కి తిరగడానికి చోటు లేదు. 'అమ్మా' అని అరిచాను వదినా, ఈ వయసులో! నా గొంతు ముందుకు పోయి, పోయి, ఇంకెవరిదో గొంతులా తిరిగి వచ్చింది.

నడుముకు కట్టిన సన్న తాడును ఎడాపెడా లాగుతూ, వెనక్కి వెనక్కి పాకి గుంట కిందికి వస్తే పైకి తీశారు. గట్టు మీద కూలబడి వాంతి చేసుకున్నాను. సర్వే పెట్టె భుజాన వేసుకుని కొండలన్నీ కొలిచిన దాన్ని! ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

మన సొరంగంలో మామయ్య ఉండిపోయాడు కదా, దాన్ని మూసేసింది అందుకే కదా. ఆయన కూడా ఇలాగే అరిచి ఉంటాడని ఒకటే ఆలోచన. నువ్వు అప్పటికి మా ఇంటికి రాలేదు. అమ్మ ఆ మాట ఇప్పటికీ ఎత్తదు. నువ్వూ ఎత్తకు.

నీ మరదలు

*

ఇంటి వెనక వరండా,
బట్టలు ఆరేసి వచ్చి

పిచ్చుకా,

నీ పై కాగితం చదివి వినిపించాను. తప్పు చేశాననిపిస్తోంది. మీ అన్నయ్యకు మంచి మాట వినే చెవి ఒక్కటే ఉంది, రెండోది దేవుడు పెట్టడం మరిచిపోయాడు. 'మెట్లు దిగినంత తేలికట!' అని చేతిలో తాపీ పక్కన పడేసి పేటంతా చాటి వచ్చారు. టీకొట్టు బాబాయి దగ్గర, ఇస్త్రీ బండి దగ్గర, ట్యాంకరు వరసలో. చెప్పినప్పుడల్లా ఆ సొరంగం జానెడు వెడల్పవుతోంది. నువ్వు తిరిగొచ్చేసరికి అందులో బస్సు నడిపేలా ఉన్నారు.

లోపలి కాగితం స్నానాలగదిలో చదివాను. చాలాసేపు బయటికి రాలేదు. 'ఒంట్లో బాగాలేదా?' అని అత్తయ్య తలుపు కొట్టింది.

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. నువ్వు నేర్చుకుని వస్తావు. మంచిదే. నేర్చుకొచ్చాక మన సొరంగంలోకి దిగేదెవరు? నువ్వు కాదు. మీ సంస్థ ఆఫీసులో ఫ్యాను కింద కూర్చునే అయ్యలు కాదు. రాయి పేర్చడం, నూతి ఒర నిలబెట్టడం తెలిసిన తాపీ మేస్త్రీ. అంటే నా మొగుడు. ట్యాంకరు వరసలో నిలబడి నా కాళ్ళు వాచిపోతున్న మాట నిజమే. వాచిన కాళ్ళతో నేను బతకగలను పిచ్చుకా.

నువ్వు వచ్చి 'కుదరదు' అని చెప్పు. నేల మంచిది కాదనో, వాలు చాలదనో ఏదో ఒకటి. నువ్వు చదువుకున్నదానివి, నీ మాట నమ్ముతారు. ఒక్క అబద్ధం. నాకోసం.

అత్తయ్యతో భయంగా ఉందని అంటే 'భయపడితే బిందె నిండుతుందా?' అంది. సొంత తమ్ముణ్ణి ఆ గట్టుకు ఇచ్చిన మనిషి. ఆ గుండె దేనితో చేశారో నాకు అర్థం కాదు.

నీ వదిన

*

కొండ కింది గది,
పని నుంచి వచ్చి

అందరికీ,

పని చురుగ్గా సాగుతోంది. మట్టి వదులుగా ఉన్నచోట కాల్చిన మట్టి ఒరలు ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి, పైకప్పును ఆపుతున్నారు. అన్నయ్యా, వాటి కొలతలు వెనక గీసి పంపుతున్నాను. మనం సిమెంటుతో పోసుకోవచ్చు. భోజనం బాగుంది. కాస్త లావయ్యాను.

*

వదినకు మాత్రమే

లావు కాలేదు. దవడలు పీక్కుపోయాయి.

నువ్వు అడిగిన అబద్ధం గురించి చాలా ఆలోచించాను. ఆడలేను వదినా. ఇక్కడ కుదురుతోంది. కళ్ళారా చూస్తున్నాను. అయినా రోజూ భయంతోనే చూస్తున్నాను.

నీకో వింత చెప్పాలి. ఆ సన్న తాడు ఉందే, దాన్ని చేతి తాడు అంటారు. గిలక మీది మోకు వేరు, అది మనిషిని దించడానికి, ఎత్తడానికి. బలమైనవాళ్ళు ఇద్దరు తిప్పుతారు. చేతి తాడు ఒక కొస లోపలివాడి నడుముకు, రెండో కొస పైన ఒకరి చేతిలో. పైమనిషి మూడుసార్లు గుంజితే లోపలివాడు పని ఎక్కడిదక్కడ వదిలి గుంట దగ్గరికి రావాలి. ఎందుకని అడగకూడదు. గిలక తిప్పేవాళ్ళూ అడగకూడదు.

ఇంతకాలం ఆ తాడు పట్టింది మా ఇల్లుగలావిడ. నిన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కొస నా చేతిలో పెట్టింది. ఇంతమంది ధైర్యవంతులుండగా వాంతి చేసుకున్న నేనే దొరికానా అని దుబాసీ చేత అడిగించాను. 'అందుకే. ధైర్యం ఉన్నవాడు ఇంకొంచెం చూద్దాం అంటాడు. ఆ కొంచెంలోనే మనుషులు పోతారు. తాడు ఎప్పుడూ పిరికివాళ్ళకే ఇస్తాం' అందట. దుబాసీ నవ్వుతూ చెప్పాడు. ఆవిడ నవ్వలేదు.

లోపల పని చేసేది ఆవిడ అల్లుడు. నేను నవ్వులాయన అని పేరు పెట్టుకున్నాను. ముఖాన మట్టి, మధ్యలో పళ్ళు. నిన్న ఊరికే భయపడి గుంజాను. వచ్చాడు. చూశాడు. టీ తాగాడు. మళ్ళీ దిగాడు. ఇంకోసారి గుంజాను. మళ్ళీ వచ్చాడు. ఒక్క మాట అనలేదు. వాళ్ళ భాషలో ఒక్కో మాట నేర్పుతున్నాడు. బదులుగా నేను 'తాడు' నేర్పాను. 'తాలు' అంటాడు. నోరు తిరగదు. నాకు నవ్వు.

నీ మరదలు

*

వంటగది

పిచ్చుకా,

అందరం బాగున్నాం. ఎండలు ముదిరాయి. మీ అన్నయ్యకు పని బాగానే దొరుకుతోంది. పొద్దున వెళ్ళి పొద్దుపోయాక వస్తున్నారు, ఒళ్ళంతా మట్టి. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు మామూలే. సొరంగం మాట ఈమధ్య ఎవరూ ఎత్తడం లేదు. నువ్వూ పెద్ద కాగితంలో ఎక్కువ రాయకు.

తాడు సంగతి బాగుంది. ఆ లెక్కన ఈ పేటకంతటికీ తాడు పట్టాల్సింది నేనే. బొద్దింక కనిపిస్తే మంచమెక్కేదాన్ని.

ఇంక ఉంటాను, పొయ్యి మీద పాలున్నాయి.

నీ వదిన

*

గది

అందరికీ,

ఇక్కడి పని పూర్తయింది. ఊరికి నీళ్ళు వచ్చాయి. నా ఆరోగ్యం బాగుంది. కాగితాల పని ముగించుకుని వచ్చే నెలలో బయలుదేరతాను. నా గురించి దిగులు పెట్టుకోవద్దు.

మీ చిన్నది

*

ఇంటి ముందు అరుగు,
అందరూ బయటికి వెళ్ళాక

పిచ్చుకా,

కవరు చించి విదిలించాను. రెండో కాగితం లేదు. జారి పడిందేమోనని పోస్టుమాన్ వెనకాల వీధి చివరిదాకా పరిగెత్తాను. 'అమ్మా, అతికించిన కవరులోంచి కాగితం ఎలా జారుతుంది?' అన్నాడు పాపం.

ఊరికి నీళ్ళు వచ్చాయని రాసే తీరు అదా? గంతులు వేస్తూ రాయాల్సిన మనిషివి, ఎవరో గుండెల మీద కూర్చుని రాయించినట్టు రాశావు. ఒక్క వెటకారం లేదు. నవ్వులాయన మాట లేదు. ఏం జరిగింది? నీకేమైనా అయిందా? చేతులూ కాళ్ళూ ఉన్నాయా? ఉన్నదున్నట్టు రాయి. నాకు పడుకుంటే ఏదో మీద పడుతున్నట్టు ఉంటోంది.

నేనూ దాచాను. ముందు నేనే చెబుతాను. మీ అన్నయ్య ఒంటి మీది మట్టి కూలి పనిలోది కాదు. మన సొరంగానిది. నీ మొదటి ఉత్తరం వచ్చిన వారానికే గట్టు మీద పెద్ద గుంటకు మూత తీశారు. పేటలో చాలామంది కలిశారు. నువ్వు గీసి పంపిన కొలతలకు ఒరలు పోస్తున్నారు. గుంట అడుగుదాకా బాగుచేశారు. ఇక సొరంగంలోకి వెళ్ళాలి. లోపల దారికి అడ్డంగా మట్టి గోడలా పూడుకుపోయి ఉందట. దాన్ని తవ్వాలట. వచ్చే వారం మీ అన్నయ్యే దిగుతారట.

'చిన్నదానికి రాయకు, అక్కడ కంగారు పడుతుంది' అని ఒట్టు వేయించుకున్నారు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టి ఇది రాస్తున్నాను.

'మీ చెల్లెలు వచ్చేదాకా ఆగండి' అని కాళ్ళు పట్టుకున్నాను. 'అదే రాసిందిగా తేలికని! అది దిగగా లేనిది నేను దిగలేనా?' అన్నారు. నీ రెండో కాగితాలు కాల్చేశాను కదా, ఇప్పుడు నేనేం చెప్పినా నా పిరికితనం నుంచి పుట్టిన కథే అనుకుంటున్నారు.

తొందరగా రాయి.

నీ వదిన

*

కొండ కింది గది

అన్నయ్యకు, అమ్మకు, వదినకు,

ఇకమీదట రెండో కాగితం ఉండదు. వదినా, ఇది మొత్తం గట్టిగా, అన్నయ్య ఎదురుగా కూర్చుని చదువు.

మీ ఉత్తరం నాకు చేరేసరికే మీరు రాసిన 'వచ్చే వారం' గడిచిపోయింది. కవరు మీద ముద్ర చూస్తే తెలిసింది. పట్నం వెళ్ళి తంతి ఇవ్వబోతే లైను తెగి ఉంది, ఎప్పుడు బాగవుతుందో తెలియదన్నారు. మన ఆఫీసుకు ట్రంక్ కాల్ బుక్ చేసి పొద్దంతా బల్ల మీద కూర్చున్నాను. కలవలేదు. ఇక ఈ కాగితం తప్ప నాకు దారి లేదు. దీన్ని రాస్తున్న ఈ నిమిషాన అన్నయ్య పైన ఉన్నాడో లోపల ఉన్నాడో నాకు తెలియదు.

అన్నయ్యా, నేను దిగాను, నిజమే. దిగి అరిచాను. వాంతి చేసుకున్నాను. తేలికని రాసింది అబద్ధం.

నవ్వులాయన పోయాడు. ఇల్లుగలావిడ అల్లుడు, లోపల పని చేసే మనిషి.

ఆ రోజు ఇల్లుగలావిడకు జ్వరం. నేను గట్టు మీదకు వెళ్ళేసరికి చేతి తాడు ఒక బలశాలి చేతిలో ఉంది. పరాయిదాన్ని, ఇవ్వమని ఎలా అడగను? పక్కనే కూర్చున్నాను. లోపల నవ్వులాయన దారికి అడ్డంగా పూడిన మట్టి గోడ తవ్వుతున్నాడు. ఎండ పడమటికి తిరిగే వేళ కింద ఊరి వైపు, సొరంగం బయటపడే చోట, కేకలు. చూస్తే జనం ఎగురుతున్నారు. అన్నాళ్ళూ తడి మాత్రమే ఉన్న కాలవలో నీళ్ళ ధార కనపడింది. అందరూ ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. తాడు పట్టినవాడు కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

ఇల్లుగలావిడ ఒకసారి చెప్పింది, మట్టి గోడ వెనక ఏళ్ళ తరబడి నీళ్ళు నిలబడి ఉంటాయని, ధార కనపడిందంటే ఆ గోడ తెగబోతున్నట్టేనని. అది నాకు ఆ క్షణాన గుర్తొచ్చింది. లేచి వాడి భుజం పట్టుకుని ఊపాను. 'లాగండి! లాగండి! మనిషి లోపల ఉన్నాడు, లాగండి!' అని అరిచాను. వాడు నన్ను చూసి నవ్వి తల ఊపాడు. నేనూ సంతోషంతో అరుస్తున్నాననుకున్నాడు. మళ్ళీ అరిచాను. మళ్ళీ నవ్వాడు. అప్పుడు తెలిసింది, నేను తెలుగులో అరుస్తున్నానని. నవ్వులాయన నేర్పిన మాటల్లో 'లాగు' కూడా ఉంది. భయానికి ఒక్కటీ నోటికి రాలేదు. నా నోట్లో మన మాటే ఉంది.

నేనే తాడు లాక్కుని గుంజాను. అప్పటికే అది బరువుగా ఉంది. తర్వాత ఎక్కడో తెగి తేలికయింది.

ఆయన్ని కాలవ దగ్గరే అందుకున్నారు, నీళ్ళతో పాటు వచ్చాడు. మూడు రోజులు ఊళ్ళో ఎవరూ ఆ నీళ్ళు ముట్టలేదు. నాలుగో రోజు ఇల్లుగలావిడే ముందు వెళ్ళి బిందె ముంచింది. నన్ను ఒక్క మాట అనలేదు. నేనే ఆవిడ ముఖం చూడలేకపోతున్నాను.

అన్నయ్యా, దిగకు. నేను వచ్చేదాకా దిగకు. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆపు. బయట నీళ్ళు కనపడితే సంతోషపడకండి. ముందు మనిషిని బయటికి తీయండి. తాడు వదినకివ్వు. ఇంకెవరికీ ఇవ్వకు.

ఈ ఉత్తరం మీకు ఎప్పుడు చేరుతుందో.

మీ చిన్నది

*

ఇల్లు, వంటగది గడప

పిచ్చుకా,

నీ జవాబు ఇంకా రాలేదు. ఆగలేక రాస్తున్నాను. చేతికి సరిగా పట్టు దొరకడం లేదు, అరచేతులకు గుడ్డ కట్టుకున్నాను. అక్షరాలు వంకర పోతే ఓపిగ్గా చదువుకో.

ఒరలు ఆరక, వచ్చే వారమన్నది నెల దగ్గరికి వచ్చింది. రోజూ ఒరలు ఆరకూడదని మొక్కుకున్నాను. ఆరాయి. నిన్న దిగారు.

పేటంతా గట్టు మీదే. చేతి తాడు కట్టారు, నా నోట విన్న నీ పద్ధతే అని మీ అన్నయ్య గొప్పగా చెబుతున్నారు. కొస మాత్రం మూటలు మోసే అతనికి ఇచ్చారు. వాణ్ణి అందరూ వస్తాదు అంటారు. నేను వెళ్ళి చెయ్యి చాచాను.

"ఆ తాడు నాకియ్యి తమ్ముడూ."

"నీకెందుకక్కా? గట్టిగా గాలొస్తే నిన్నే ఎవరైనా పట్టుకోవాలి."

"ఎత్తేది గిలక. ఇది బరువు మోయడానికి కాదు. కబురు చెప్పడానికి."

మీ అన్నయ్య మొహం చిట్లించారు. "పదిమందిలో ఏంటిది? ఇంటికి పద."

"మీ చెల్లెలు రాసిన కొలతలు కావాలి, పద్ధతులు కావాలి, ఇదొక్కటే వద్దా?" అన్నాను. "అక్కడ ఈ తాడు పిరికివాళ్ళకే ఇస్తారట. ఈ పేటలో నాకంటే పిరికి మనిషి ఉంటే చూపించండి. వాళ్ళకే ఇచ్చి ఇంటికి పోతాను."

అందరూ ఒకటే నవ్వు. టీకొట్టు బాబాయి కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ "అమ్మాయి చెప్పింది న్యాయమే, ఇందులో దానికి పోటీ లేదు" అన్నాడు. వస్తాదు నవ్వుతూనే తాడు నాకిచ్చి గిలక దగ్గరికి వెళ్ళాడు. మీ అన్నయ్య నావైపు చూడకుండా పీట మీద కూర్చుని దిగారు.

తాడు కదిలినా భయమే, కదలకపోయినా భయమే. పొద్దున్నే ఒకసారి గుంజాను. పైకి వచ్చి "ఏమైంది?" అన్నారు. "ఏమీ కాలేదు. భయమేసింది" అన్నాను. మళ్ళీ నవ్వులు. ఇంకోసారి గుంజితే గుంట అడుగుదాకా వచ్చి అక్కడి నుంచే తిట్టి వెళ్ళిపోయారు. మూడోసారి గుంజడానికి సిగ్గేసింది. గుంజలేదు.

మధ్యాహ్నం దాటాక గట్టు కింద, సొరంగం బయటికి తెరుచుకునే చోట, పిల్లలు కేకలు పెట్టారు. "నీళ్ళు! నీళ్ళొచ్చాయి!" గట్టంతా ఒక్కసారి లేచింది. బిందెలు, బకెట్లు, చెంబులు, ఏది దొరికితే అది పట్టుకుని పరుగు. గిలక తిప్పే ఇద్దరిలో ఒకతను కూడా పరుగెత్తాడు.

నేను లేవలేదు. నాకు సర్వేలు తెలియవు పిచ్చుకా. ఒక్కటే తట్టింది. ఆ నీళ్ళు కొండలోంచి కదా రావాలి. ఆయన్ని దాటుకునే కదా బయటికి వచ్చాయి. కింద ఇన్ని కనపడితే, ఆయన దగ్గర ఎన్ని ఉన్నాయి?

మూడుసార్లు గుంజాను. అటునుంచి ఒకసారి గుంజారు, ఆగమని. మళ్ళీ గుంజాను. మళ్ళీ ఆగమన్నారు. అప్పుడిక లెక్క లేదు. రెండు చేతులతో, కాళ్ళు రాయికి తన్నిపెట్టి, ఏడుస్తూ గుంజుతూనే ఉన్నాను. అరచేతులు ఊడి వస్తున్నా తెలియలేదు. ఉన్నట్టుండి తాడు వదులైంది. అమ్మో, ఆ వదులు! నా ప్రాణం అక్కడే పోయింది. అంతలో గుంట అడుగునుంచి తిట్లు వినపడ్డాయి. నన్ను, మా పుట్టింటిని, నిన్ను, ఉత్తరాలు కనిపెట్టినవాణ్ణి అందరినీ కలిపి తిడుతున్నారు. అంత మంచి మాటలు నేను జన్మలో వినలేదు.

"తిప్పు తమ్ముడూ!" అని అరిచాను. వస్తాదు ఒక్కడే. ఒక్కడి బలానికి గిలక కదలడం లేదు. అప్పుడు చూశాను. అత్తయ్య వెళ్ళలేదు. బిందె కింద పెట్టి, ఆ మోకాళ్ళతో వచ్చి రెండో పిడి పట్టుకుంది. పళ్ళు బిగించి తిప్పింది.

ఆయన సగం ఎత్తు వచ్చారేమో. కింద పెద్ద తలుపు ఎవరో కాలితో తన్ని తెరిచినట్టు చప్పుడు. గుంటలోంచి గాలి వచ్చి నా ముఖానికి కొట్టింది, కుళ్ళిన బురద వాసన. దీపం ఆరిపోయింది. మోకు గింగిరాలు తిరిగింది. తిట్లు ఆగిపోయాయి.

పిచ్చుకా, ఆ నిశ్శబ్దం నీకు చెప్పలేను. గుంటలోకి సగం వంగి "ఏమండీ, తిట్టండి! తిట్టండి!" అని అరిచాను. జవాబు లేదు. గిలక కిర్రుమంటోంది, నీళ్ళు హోరుమంటున్నాయి. "ఒక్కసారి తిట్టండి!"

చెయ్యి పైకి వచ్చింది. తర్వాత తల. మనిషి బూడిదలా ఉన్నారు. మోకాళ్ళ దాకా తడి. గట్టు మీద కూర్చుని, గుంట వైపు చూసి, నా చేతులు చూశారు. కింద పేటంతా కేరింతలు కొడుతున్నారు. ఇక్కడ మేం నలుగురం.

అత్తయ్య పిడి వదలడం లేదు. ఒక్కో వేలే నేను విప్పదీయాల్సి వచ్చింది. అప్పుడంది, ఎవరి వైపూ చూడకుండా: "మా తమ్ముడప్పుడు కూడా ముందు నీళ్ళే వచ్చాయి. అందరం బిందెలతోనే పరిగెత్తాం. నేనే అందరికంటే ముందు పరిగెత్తాను. వాడు ఏడని సాయంత్రం దాకా ఎవరమూ అడగలేదు."

అంతే అంది. ఇన్నేళ్ళలో ఆ మాట ఎత్తడం అదే మొదలు. తర్వాత ఖాళీ బిందె చంకనెత్తుకుని మెల్లగా గట్టు దిగింది. మీ అన్నయ్య వెనకాలే వెళ్ళి ఆ బిందె అందుకున్నారు.

ఇంతవరకు రాసి మడవబోతుంటే పోస్టుమాన్ వచ్చాడు. నీ ఉత్తరం. నువ్వు చెప్పినట్టే, మీ అన్నయ్య ఎదురుగా కూర్చుని గట్టిగా చదివాను. 'లాగండి' అని అరిచావు చూడు, అక్కడ ఆగిపోయాను. మిగతాది ఆయనే తీసుకుని చదివారు. "ఆయనకు పిల్లలున్నారా? అడిగి రాయమను" అన్నారు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

నీ ఇల్లుగలావిడ ముఖం చూడలేకపోతున్నానన్నావు. చూడు. వెళ్ళి పక్కన కూర్చో. మాటలు రాకపోతే తెలుగులోనే ఏడువు, ఆవిడకు తెలుస్తుంది.

ఇంకా పై గుంటల పని మిగిలే ఉంది. పేటవాళ్ళు ఎప్పుడు మొదలుపెడదామని అడిగితే, "మా చిన్నది రావాలి" అని చెప్పి తలుపు వేసుకున్నారు మీ అన్నయ్య. ఇంట్లో ఇప్పుడు పిరికివాళ్ళం ముగ్గురం. నువ్వొస్తే నలుగురం.

తొందరగా రా.

నీ వదిన